మనది కాని మిషన్ పుస్తకాలు

చెన్నై, నంగనల్లూరు

ఒరేయ్ సూరీ,

నీ మెసేజ్ చదివి ఒళ్ళు మండింది. పాత కంప్యూటర్ పత్రికలన్నీ స్కాన్ చేసి నెట్‌లో పెట్టేశారు, అటక మీదవి తూకానికి వేసెయ్ అంటావా? నిజమే, ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సైట్‌లో బైట్, కంప్యూట్ లాంటి అమెరికా పత్రికలున్నాయి, వెతికితే బోలెడున్నాయి. రాత్రిళ్ళు నేనూ అవే తిరగేస్తున్నాను. అయినా తూకానికి మాత్రం వెయ్యను. మా ఆవిడ ఎటూ సణుగుతోంది, నువ్వు కూడా తోడవకు.

తిరగేస్తుంటే ఒకటి తట్టింది. మన చేతికొచ్చిన ఒక్క పుస్తకమూ మన మిషన్‌ది కాదురా! మూర్ మార్కెట్ 1985లో కాలిపోయాక పాత పుస్తకాల వాళ్ళు లిల్లీ పాండ్ కాంప్లెక్స్‌కి చేరారు కదా, అక్కడ మనకి దొరికేవి ఎక్కువగా కామడోర్ 64 అనే అమెరికా ఇంటి కంప్యూటర్ పత్రికలు. స్కూల్లో ఉన్నదేమో బ్రిటన్ కంప్యూటర్ బీబీసీ మైక్రో. 1984లో క్లాస్ అనే సర్కారు పథకం కింద స్కూళ్ళకి వచ్చినవి అవే. కామడోర్‌ని మనం కళ్ళారా చూసిన పాపాన పోలేదు.

చూసి కొట్టుకోమని అందులో అచ్చేసే ప్రోగ్రాముల లిస్టింగుల్లో ప్రింట్ పక్కన కోట్స్ మధ్య నల్లటి చదరంలో తెల్ల హృదయం బొమ్మ ఉండేది, జ్ఞాపకం ఉందా? ఎవరో అమెరికా కుర్రాడు ప్రేమలో పడి రాశాడన్నావు నువ్వు. తీరా చూస్తే తెర తుడిచెయ్యమని అర్థం! కామడోర్‌లో కోట్స్ తెరిచి తెర తుడిచే మీట నొక్కితే తెర మీద ఆ బొమ్మే పడుతుందట. మనకైతే సీఎల్ఎస్ అని కొడితే సరిపోయేది.

అసలు తలనొప్పి పోక్ 53280,0 దగ్గర. పోక్ అంటే మెమరీలో ఫలానా చిరునామాలో ఫలానా అంకె రాయమని. కామడోర్‌లో ఈ లైనుతో తెర చుట్టూ అంచు నల్లబడుతుంది. మన బీబీసీ మిషన్ భాష బేసిక్‌లో పోక్ అన్న మాటే లేదు, దాని పని ప్రశ్నార్థకం చేస్తుంది. సరే కదా అని ప్రశ్నార్థకం పెట్టి కొడితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఎందుకంటే బీబీసీలో ఆ చిరునామా దగ్గరున్నది ఆపరేటింగ్ సిస్టమ్ రోమ్, అంటే చదవడానికే తప్ప మార్చడానికి వీల్లేని మెమరీ. అక్కడ రాసినా ఏమీ అతకదు. పైగా రెండు మిషన్లలోనూ ప్రాసెసర్ 6502 వంశమే! అప్పుడు కదా మనం కూర్చుని ఆలోచించింది: ఈ లైను ఇలా ఎందుకుంది అని కాదు, దీనికి ఏం కావాలి అని. రంగు మార్చాలి. అయితే బీబీసీలో రంగులు మార్చే ఆజ్ఞ వీడీయూ 19. అంచు మన దగ్గర లేదు, వదిలెయ్. ల్యాబ్‌లో మన వంతు పావుగంట కూడా వచ్చేది కాదు కాబట్టి ఈ తగవంతా ముందే రఫ్ నోట్‌బుక్‌లో తీర్చుకోవాల్సి వచ్చేది. వేరియబుల్స్‌కి గళ్ళు గీసి, ఒక్కో లైనుకీ విలువలు దిద్దుకుంటూ.

సొంత మిషన్ పత్రిక దొరికి ఉంటే చూసి కొట్టేసి, ఆట ఆడేసి ఊరుకునేవాళ్ళం. నాకు ప్రోగ్రామింగ్ అబ్బింది ఆ పొంతన కుదరకపోవడం వల్లే అని గట్టిగా నమ్ముతున్నాను. నువ్వు ఒప్పుకోవని తెలుసు. నువ్వెప్పుడూ రివ్యూలే చదివేవాడివి.

అమెరికాలో పిల్లలకీ సుఖమేం లేదులే. కంప్యూట్స్ గెజెట్ 1984 జనవరి సంచికలో స్పీడ్‌స్క్రిప్ట్ అని ఒక వర్డ్ ప్రాసెసర్‌నే అచ్చేశారు. బేసిక్ కూడా కాదు, మెషీన్ కోడ్. పేజీల నిండా ఉత్త అంకెలు. లైను చివర చెక్‌సమ్, అంటే అంకెలు సరిచూసే లెక్క ఉంటుంది కాబట్టి అంకె తప్పు కొడితే ఆ లైను దగ్గరే దొరికిపోయేది. ఇంటరెస్ట్ లెక్కల పుస్తకం కూడా అంతకన్నా చదివించేదిగా ఉంటుంది, అయినా జనం కూర్చుని కొట్టారు. ఇంటర్‌ఫేస్ ఏజ్ అనే పత్రిక వాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి 1977 మే సంచికలో పల్చటి గ్రామఫోను రికార్డే కుట్టిపెట్టారు. ప్లేయర్ మీద పెడితే వచ్చే కూతే కంప్యూటర్‌కి ప్రోగ్రాము! మా అబ్బాయికి చెబితే కోతలు కోస్తున్నాననుకున్నాడు.

ఇప్పుడు నన్ను కూర్చోబెడుతున్నవి మాత్రం ప్రకటనలు. కొన్ని బైట్ సంచికలు 600 పేజీలు దాటేవి కదా, అందులో ఎంత భాగం ప్రకటనలో! అప్పుడు విసుక్కుని తిప్పేసేవాళ్ళం. వరసగా చూడు, కథ నడుస్తుంది. 1982లో కామడోర్ 64 ధర 595 డాలర్లు. ఏడాది తిరిగేసరికి ధరల యుద్ధం. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళ ఇంటి కంప్యూటర్ 99/4ఏ 99 డాలర్లకి దిగింది. 1983 అక్టోబర్‌లో వాళ్ళు ఇంటి కంప్యూటర్ల వ్యాపారానికే దణ్ణం పెట్టేశారు. వ్యాసాల్లో అందరూ భవిష్యత్తు గురించి దంచుతుంటే, వెనక పేజీల్లో ఎవడు మునుగుతున్నాడో కనిపిస్తూనే ఉంటుంది. రివ్యూలకన్నా ఇవే నిజం చెప్పాయి, ఏమైనా అనుకో.

బైట్ కూడా 1998 జులైతో ఆగిపోయింది. అప్పటికి మనం కొనడం మానేసి చాలా కాలమైందిలే, మనం ఏడవక్కర్లేదు.

అసలు విషయానికొస్తాను. 1981 ఆగస్టు బైట్, అదే స్మాల్‌టాక్ అనే ప్రోగ్రామింగ్ భాష మీద వేసిన సంచిక, రంగురంగుల బెలూన్ అట్ట. నీ పెళ్ళికి ముందు తీసుకెళ్ళావు. అబద్ధమాడకు, పోయినసారి విజయవాడ వచ్చినప్పుడు మీ బీరువాలో చూశాను. స్కాన్ ఉంది కదా అనకు, అందులో మార్జిన్ల నిండా నా పెన్సిల్ రాతలున్నాయి. కొరియర్‌లో వద్దు, మడిచి చంపుతారు. వచ్చే నెల చెల్లెమ్మతో కంచి వెళ్తానన్నావుగా, అప్పుడు నువ్వే పట్టుకురా. బదులుగా ప్రేమలో పడ్డ కుర్రాడి లిస్టింగ్ జిరాక్స్ తీసిస్తాను.

నీ
రమణ