లాకర్ వేయించుకున్న జీపుల వాళ్లకి ఒక మాట

చిత్తూరులో మా షెడ్డుకు జీపులు తెచ్చే అన్నలకు, తమ్ముళ్లకు నమస్కారం.

పోయిన నెల ఒక కస్టమర్‌కి నేను తప్పు చెప్పాను. ఆయనకు ఫోన్ చేసి నిజం చెప్పేశాను. కానీ అదే పని, అంటే పెద్ద టైర్లు, లాకర్ (వెనక రెండు చక్రాలూ కలిసే తిరిగేలా చేసే భాగం) బిగించడం, నా దగ్గర చేయించుకున్న వాళ్లు ఇంకొందరు ఉన్నారు, అందుకే ఇది రాస్తున్నాను.

ఆయనది పలమనేరు అవతల మామిడి తోట. తోతాపురి లోడుతో వంక గట్టు ఎక్కుతుంటే వెనక చక్రాన్ని తిప్పే యాక్సిల్ షాఫ్ట్ తెగిపోయింది. పొద్దు గూకే వేళ, పక్కనే కౌండిన్య అడవి, ఏనుగులు దిగే దారి. ముందు చక్రాల లాగుడుతోనే మెల్లగా రోడ్డెక్కారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

షాఫ్ట్ నాసిరకం అయి ఉంటుందని వెంటనే చెప్పేశాను. మర్నాడు విప్పి చూస్తే కథ వేరు. షాఫ్ట్ చివర తిన్నగా ఉండాల్సిన స్ప్లైన్ గాడులు తాడు పేనినట్టు మెలితిరిగి ఉన్నాయి. పాత పగులు రోజురోజుకీ పెరిగి తెగితే, తెగిన చోట గవ్వ మీద ఉన్నట్టు నున్నటి గీతలు కనిపిస్తాయి. అవేమీ లేవు. అంటే షాఫ్ట్ మంచిదే, మోయలేనంత బలం దాని మీద పడింది. పడేలా చేసింది నేను. 29 అంగుళాల టైర్లు తీసి 33 వేశాను, వెనక లాకర్ బిగించాను, షాఫ్ట్‌లు మాత్రం కంపెనీవే ఉంచేశాను.

మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ బలం సమానంగా పంచుతుంది. ఒకటి గాలిలో లేస్తే దానికి పట్టు ఉండదు, కాబట్టి రెండోదానికీ బలం అందదు. బండి అక్కడే ఆగిపోతుంది, షాఫ్ట్ మాత్రం బతుకుతుంది. లాకర్ ఉంటే మొత్తం బలం నేల మీదున్న చక్రానికే పోతుంది. 250 న్యూటన్ మీటర్ల ఇంజిన్, ఫస్ట్ గేర్ 4, ఫోర్ వీల్ లో రేంజ్ గేర్ 2.5, క్రౌన్ పినియన్ (డిఫరెన్షియల్‌లోని పెద్ద, చిన్న గేర్ల జత) 4 అనుకోండి. గుణిస్తే 10,000 న్యూటన్ మీటర్లు. ముందు చక్రాలకు పట్టు లేనప్పుడు అదంతా ఒక్క షాఫ్ట్ మీదికి రావచ్చు. టైరు పెద్దదైనందుకు అదే పట్టుకు ఇంకో 14 శాతం దాకా భారం పెరుగుతుంది.

లావు షాఫ్ట్ వేస్తే సరిపోదా అని అడుగుతారు. బలం బాగానే పెరుగుతుంది. 30 మిల్లీమీటర్లది 33 అయితే అదే ఉక్కులో మూడో వంతు ఎక్కువ మెలి తట్టుకుంటుంది. కానీ అప్పుడు తెగే వంతు డిఫరెన్షియల్ లోపలి చిన్న స్పైడర్ గేర్లకో క్రౌన్‌కో వస్తుంది, ఆ ఖర్చు షాఫ్ట్‌కన్నా చాలా ఎక్కువ. తోట పనికి 33 టైర్లు అక్కర్లేదని నా అభిప్రాయం. అమ్మేటప్పుడే ఈ మాట చెప్పి ఉండాల్సింది.

ఇకనుంచి కంపెనీ షాఫ్ట్‌ల మీద 33 టైర్లు, లాకర్ రెండూ కలిపి బిగించను. క్రౌన్, పినియన్ జతగానే మారుస్తాను. పళ్లకు రంగు పూసి అచ్చు చూసి షిమ్‌లు (సందు సరిచేసే పలుచని రేకులు) సర్దడానికి రెండు రోజులు పడుతుంది, సాయంత్రానికల్లా ఇమ్మని తొందర పెట్టకండి.

ఇప్పటికే బిగించుకున్న వాళ్లు బండి తీసుకురండి, షాఫ్ట్‌లు లాగి స్ప్లైన్ చూస్తాను, కూలీ తీసుకోను. అప్పటిదాకా చక్రం గాలిలో గిర్రున తిరుగుతుంటే అది నేలను తాకకముందే యాక్సిలరేటర్ వదిలేయండి. షాఫ్ట్‌లు ఎక్కువగా తెగేది ఆ కుదుపుకే. గట్టు మీదికి రివర్స్‌లో లాగించొద్దు, అప్పుడు బలం క్రౌన్ పళ్ల బలహీనమైన వైపు పడుతుంది. వంక దాటి వచ్చాక డిఫరెన్షియల్ ఆయిల్ పాలలా తెల్లబడిందేమో చూడండి. గాలి ఆడే బ్రీదర్ గొట్టం మూసుకుపోతే వేడెక్కిన డిఫరెన్షియల్ హౌసింగ్ చల్లబడుతూ సీళ్ల సందుల్లోంచి నీళ్లు పీల్చేస్తుంది.

పలమనేరు అన్న బండికి షాఫ్ట్‌లు రెండూ, టైర్ల మార్పు నా ఖర్చే. గురువారం బండి ఇచ్చేస్తున్నాను. ఆదివారాలు కూడా మధ్యాహ్నం దాకా షెడ్డు తెరిచే ఉంటుంది.