తీర్పు రిఫరీదే కావాలి: క్రీడాధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన క్రీడాధికారి గారికి,

రాసిచ్చిన విన్నపానికి జవాబు రాలేదు కాబట్టి ఇలా అందరి ముందూ రాస్తున్నాను. తిరుపతిలో జరిగిన బాలికల కబడ్డీ పోటీలో రిఫరీ మా జట్టు అమ్మాయికి బోనస్ పాయింట్ ఇచ్చారు. ప్రేక్షకుల్లో ఒకాయన ఫోన్‌లో వీడియో చూపించి గొడవ చేయగానే వెనక్కి తీసుకున్నారు. అవతలి జట్టు ఆటను ఎవరు వీడియో తీశారు? మా అమ్మాయికి ఇప్పుడు కబడ్డీ కోర్టులో దిగాలంటేనే టెన్షన్.

2017లో గోల్ఫ్ క్రీడాకారిణి లెక్సీ థాంప్సన్ ముందురోజు ఆటలో బంతిని సరైన చోట తిరిగి పెట్టలేదని ఒక టీవీ ప్రేక్షకుడు ఈమెయిల్ పంపితే, ఆట మధ్యలో నాలుగు స్ట్రోకుల పెనాల్టీ వేశారు, అంటే ఆమె స్కోరుకు నాలుగు దెబ్బలు అదనంగా కలిపారు. స్కోర్లు సమానమై అదనంగా ఆడించిన ప్లేఆఫ్‌లో ఆమె ఓడిపోయింది. 2018 జనవరి 1 నుంచి గోల్ఫ్‌లో ప్రేక్షకుల ఫిర్యాదులు తీసుకోవడం మానేసి, ప్రసారాన్ని గమనించే పని అధికారులకే అప్పగించారు.

మన పోటీల్లోనూ ప్రేక్షకుల వీడియోలతో తీర్పు మార్చకూడదని వచ్చే టోర్నమెంట్‌కు ముందే లిఖితపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వండి.

ఇట్లు,
ఒక కబడ్డీ కోచ్, తిరుపతి