వేపపుల్ల నమిలేదాకా బండి వేడెక్కాలట

ఏంరా, బాగున్నావా?

నిన్న నువ్వు పంపిన వీడియో చూశాను. పాలమూరు చలికి మఫ్లర్ చుట్టుకొని మీ మామ వాకిట్లో నిలబడడం, బండి పది నిమిషాలుగా గుర్రుమంటూనే ఉండడం, నువ్వేమో ఆఫీసుకు టైమవుతోందని గేటు దగ్గర తచ్చాడడం, నవ్వాపుకోలేకపోయాను. ఫోన్‌లో చెబితే సగమే వింటావు, అందుకే రాస్తున్నా.

కదిలేముందు బండి బాగా వేడెక్కాలన్న మీ మామ మాట తప్పని అనను. ఆయన నడిపిన బండ్లకు అది నిజమే. మా బాపు పెట్రోల్ అంబాసిడర్ గుర్తుందా? పొద్దున్నే చోక్, అదే చల్లటి ఇంజిన్‌కు పెట్రోల్ పాలు పెంచే మీట, లాగి స్టార్ట్ చేసి వేపపుల్ల నోట్లో పెట్టుకునేవాడు. పుల్ల నమలడం అయ్యేసరికి ఇంజిన్ వణుకు తగ్గి ఒక్క తీరుగా కొట్టుకునేది, అప్పుడు చోక్ లోపలికి నెట్టేవాడు. ఈలోపు దండెం మీది బట్టలకు పొగ పట్టిందని అమ్మ తిట్లు. ఒకరోజు తొందరపడి తీస్తే క్లాక్ టవర్ సెంటర్‌లో ఆగిపోయింది, నువ్వూ నేనూ దిగి నెట్టాం కదా! గాలిలో పెట్రోల్ కలిపే కార్బ్యురేటర్ ఉన్న పాత బండి మరి. ఇంజిన్ చల్లగా ఉంటే పెట్రోల్ సరిగా ఆవిరి కాక లోపలి గోడలకు తడిలా అంటుకునేది, సిలిండర్‌కు చేరేది చాలేది కాదు.

ఇప్పుడా పని కంప్యూటర్ చూసుకుంటుంది. ఇంజిన్ చుట్టూ తిరిగే కూలెంట్ నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయో సెన్సర్ చెబితే, ఎంత ఇంధనం కొట్టాలో అదే లెక్కేస్తుంది. నీది డీజిల్ కాబట్టి తాళం తిప్పి, స్ప్రింగులాంటి ఆ పసుపు గుర్తు ఆరేదాకా ఆగి స్టార్ట్ చెయ్యి. బెల్టు పెట్టుకొని అద్దం సరిచేసుకునేసరికి అర నిమిషం అవుతుంది, ఆయిల్ పైదాకా ఎక్కడానికి అది చాలు, ఇక కదులు. కాకపోతే మొదటి నాలుగైదు కిలోమీటర్లు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కకు. నిలబెట్టిన ఇంజిన్ నిదానంగా వేడెక్కుతుంది, నడిస్తేనే తొందరగా వేడెక్కుతుంది. గేర్‌బాక్స్ ఆయిల్, టైర్లు అయితే నిలబెట్టినంత మాత్రాన సరిగా వేడెక్కవు. మనమేమన్నా లడఖ్‌లో ఉన్నామా?

నేనూ తక్కువ తినలేదులే. బాపు అలవాటే నాకూ వచ్చి, నా పెట్రోల్ బండిని రోజూ పది నిమిషాలు ఆన్‌లో ఉంచి, తర్వాత బిడ్డను రెండు కిలోమీటర్ల దూరంలో బడి దగ్గర దింపి వచ్చేవాణ్ని. సర్వీసుకు ఇస్తే మెకానిక్ ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ లాగి చూశాడు, ఆయిల్ పై గీత దాటి ఉంది. మళ్లీ లాగి నా ముక్కు దగ్గర పెట్టాడు, "సార్, ఇది ఆయిలా, పెట్రోలా?" అని. నిజంగానే బంకు వాసన. చల్లటి ఇంజిన్‌కు పెట్రోల్ ఎక్కువ పడుతుంది కదా, కాలనిది పిస్టన్ రింగుల పక్కనుంచి జారి ఆయిల్‌లో కలిసి దాన్ని పలచన చేసింది. మంచి చేస్తున్నాననుకొని నేనే ఇంజిన్ అరగదీస్తున్నా.

ఇక నీ డాష్‌బోర్డు మీద వెలిగిన ఆ డీపీఎఫ్ లైటు. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక డీజిల్ కార్లకు పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టర్ ఉంటోంది, డీపీఎఫ్ అంటే అదే. ఆ మసి కాలిపోవాలంటే పొగ బాగా వేడెక్కాలి. వాకిట్లో పది నిమిషాలు, ఆఫీసుకు మూడు కిలోమీటర్లు, ఎక్కడ వేడెక్కుతుందిరా? ఆదివారం భూత్పూర్ దగ్గర హైవే ఎక్కి కొత్తకోట వైపు ఒక ఇరవై నిమిషాలు అరవై, డెబ్భై మీద ఆపకుండా పోనియ్యి. మాన్యువల్ కూడా ఒకసారి చూడు. అప్పటికీ ఆరకపోతే, లేదా మినుకుమినుకుమంటే, సర్వీసింగ్‌కు తీసుకెళ్లు, నాన్చకు.

మీ మామకు బండి ఆన్‌లో పెట్టి నిలబడాలని అంత సరదాగా ఉంటే ఆ పని హైవే మీంచి వచ్చాక అప్పజెప్పు. గట్టిగా తోలి వచ్చాక టర్బో, అదే ఇంజిన్‌లోకి గాలిని నెట్టే ఫ్యాన్ లాంటిది, బాగా వేడిగా ఉంటుంది, వెంటనే ఆపేస్తే అందులో ఆయిల్ తిరగడం ఆగి అక్కడే మాడుతుంది. ఒక నిమిషం ఊరికే తిరగనిచ్చి ఆపితే మంచిది. అంతేగానీ షట్టర్ మూసిన గదిలో మాత్రం ఎవ్వరూ బండి ఆన్ చేసి ఉంచొద్దు, ఆ పొగ ప్రాణాలు తీస్తుంది.

లైటు ఆరిందో లేదో ఆదివారం సాయంత్రం ఫోన్ చెయ్యి. ఈ ఉత్తరం మాత్రం మీ మామకు చూపించకు, సంక్రాంతికి మీ ఇంటికొస్తే నాకు సకినాలు దొరకవు.

నీ
దోస్తు