మా గ్రంథాలయ పన్ను గ్రంథాలయానికి ఇవ్వండి

గౌరవనీయులైన పురపాలక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మా ఊరి గ్రంథాలయం గురించి పాఠకులందరం సంతకాలు పెట్టి ఎన్నో అర్జీలు ఇచ్చాం. చివరిదానికి ‘మీ సమస్య పరిష్కారమైంది’ అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కారమైందో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. అందుకే ఇలా బహిరంగంగా రాస్తున్నాను.

అయ్యా, మేం గ్రాంటు అడగడం లేదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున మా దగ్గర గ్రంథాలయ పన్ను వసూలు చేస్తున్నారు. మూడు వేలు పన్ను కట్టే ఇంటి నుంచి 240 రూపాయలు. రసీదులో దానికి వేరే గడి కూడా ఉంది. కట్టడం ఆలస్యమైతే మా దగ్గర వడ్డీతో సహా తీసుకుంటారు. అలా తీసుకున్న డబ్బును జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయడానికి మాత్రం మున్సిపాలిటీలకు ఏళ్లు పడుతోంది. వేరే ఖర్చులకు వాడేశామంటే ఎలా? అది వాళ్ల డబ్బు కాదు కదా!

ఒక్కసారి వచ్చి చూడండి. బిల్లు బాకీ పడిందని ఏజెంటు పేపర్లు వేయడం మానేశాడు. పొద్దున్నే పేపర్ కోసం వచ్చే పెద్దవాళ్లు పాత వారపత్రికలు తిరగేసి వెళ్లిపోతున్నారు. గ్రూప్స్‌కు, డీఎస్సీకి చదివే పిల్లలు పుస్తకాలు ఇంటి నుంచే తెచ్చుకుని, తిరిగే ఒక్క ఫ్యాను కింద కుర్చీలు జరుపుకొని కూర్చుంటున్నారు. బీరువాలో ఉన్న కరెంట్ అఫైర్స్ పుస్తకాల్లో జిల్లాలు ఇంకా 13 అనే ఉంది. అవి చదివి పరీక్ష రాస్తే ఏమవుతుంది? కోచింగ్‌కు డబ్బుల్లేకే కదా వాళ్లు అక్కడికి వస్తున్నది. వాళ్లను చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది సార్.

1914లోనే బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరుపుకున్న నేల ఇది. అప్పుడు ఊరి జనమే చందాలు వేసుకుని గ్రంథాలయాలు నడిపారు. ఇప్పుడూ ఇచ్చేది జనమే, కానీ అది దారిలోనే ఆగిపోతోంది.

దయచేసి ఆ 8 పైసలు పన్ను కట్టిన రోజే నేరుగా గ్రంథాలయ సంస్థ ఖాతాలో పడే ఏర్పాటు చేయండి. ఆన్‌లైన్‌లో కట్టించుకుంటున్నారు కాబట్టి అదేమీ కష్టం కాదు. ఏ మున్సిపాలిటీ ఎంత బాకీ ఉందో, ఎప్పటిలోగా కడుతుందో ప్రకటించండి. మా ఊరికి పేపర్లు మాత్రం ఈ నెల నుంచే వేయించండి.

ఇట్లు,
పన్ను బకాయి లేని ఒక పాఠకుడు