వాసన వస్తోంది మొర్రో అంటే ఫిర్యాదు మూసేస్తారా?

కస్టమర్ సర్వీసు అధికారి గారికి,

మాది చీమకుర్తి. మీ కంపెనీ బంకు వెనక వీధిలో ఉంటాం. ఈమధ్య బంకులో మార్పులు చేసి, కొత్త ట్యాంకు పాతి, ఆవిరి బయటికి పోయే వెంట్ పైపుల్ని మా వీధి వైపు గోడకి తెచ్చి పెట్టారు. అప్పట్నుంచీ ట్యాంకర్ లోడు దించితే చాలు, ఇంట్లోకి పెట్రోల్ వాసన కొడుతోంది. గోడకి ఇవతలే టిఫిన్ సెంటర్ ఉంది, తెల్లారకముందే పొయ్యి వెలిగిస్తారు. నేను అడిగింది ఒక్కటే, ఈ మార్పులకి పెసో (పేలుడు పదార్థాలు, పెట్రోలియం భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) అనుమతి ఉందా లేదా అని. దానికి జవాబు చెప్పే మనిషి మీ కంపెనీలో ఇంతవరకూ దొరకలేదు.

టోల్ ఫ్రీకి చేస్తే ఆ అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. కానీ కల్తీనా, కొలత తక్కువా, సిబ్బంది ప్రవర్తనా అని అడుగుతుందే గానీ నేను చెప్పేది రాసుకోదు. భద్రత గురించమ్మా అంటే ఆ ఆప్షన్ లేదు సార్, 'ఇతరములు'లో పెడతాను అంది. పెట్రోల్ అమ్మే కంపెనీ ఫిర్యాదుల్లో భద్రతకి చోటు లేదంటే ఏమనుకోవాలి? పోనీ అని ఊరుకుంటే, మా వీధికి ఒక్కరు కూడా రాకుండానే 'మీ ఫిర్యాదు పరిష్కరించబడింది' అని మెసేజ్ వచ్చింది. నాకు కోపం వచ్చింది అక్కడే. వాసన అట్లాగే ఉంది, ఫిర్యాదు మాత్రం మూసేశారు!

మళ్ళీ చేస్తే ఇంకొకతను ఎత్తాడు. మొదట్నుంచీ చెప్పమన్నాడు, చెప్పాను. అంతా విని, డీలర్‌తో మాట్లాడుకోండి అన్నాడు. డీలర్ ఏమో "అన్నా, ట్యాంకులు కంపెనీవి, పైపులు కంపెనీవి, నన్నేం చేయమంటావు, సేల్స్ ఆఫీసర్‌ని అడుగు" అన్నాడు. సేల్స్ ఆఫీసర్ గారు ఎప్పుడు చేసినా మీటింగ్‌లోనే ఉంటారు. ఒకసారి మాత్రం ఎత్తి, "లైసెన్సు సంగతులు మీకెందుకండీ, అవి మేం చూసుకుంటాం" అని పెట్టేశారు. నాకెందుకంటే, ఆ గోడ పక్కన పడుకునేది నా పిల్లలు.

నాకు తెలియదనుకోకండి. కలెక్టర్ గారి ఎన్‌ఓసీ, పెసో లైసెన్సు లేకుండా బంకు పెట్టడానికి లేదు. ఒకసారి ఆమోదించిన ప్లాను మార్చాలంటే ముందే అనుమతి తీసుకోవాలని 2002 పెట్రోలియం రూల్సులోనే ఉంది. 2020 జనవరిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కొత్త బంకులకి నివాస ప్రాంతాల నుంచి, బడుల నుంచి 50 మీటర్ల దూరం ఉండాలని చెప్పింది, వీలుకాని చోట కూడా 30 మీటర్లకి తగ్గకూడదంది. మాది పాత బంకే, కాదనను. కానీ దూరం ఎందుకు పెట్టారో ఆ కారణం పాత బంకుకీ వర్తిస్తుంది కదా. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, పైకి పోకుండా నేలబారున పాకి నిప్పు దగ్గరికి వెళ్తుంది. 2009 అక్టోబరు 29న జైపూర్ సీతాపురా పెట్రోల్ నిల్వ డిపోలో కారిన పెట్రోల్ ఆవిరై కమ్ముకునే కదా అంత పేలుడు జరిగింది. డిపోకీ బంకుకీ తేడా తెలుసు. నిప్పుకి మాత్రం ఆ తేడా తెలియదు.

మా నాన్న గ్రానైట్ లోడ్లకి లారీ తిప్పిన రోజుల నుంచీ మీ బంకులోనే డీజిల్ పోయిస్తున్నాం. పక్కన ఇంకో కంపెనీ బంకు వచ్చినా మారలేదు. ఇప్పుడు నా టిప్పర్లు కూడా అక్కడే ఆగుతాయి. అంతకాలం నమ్మినవాణ్ణి వచ్చి ఒక్కసారి చూడండయ్యా అంటే అంత చులకనా?

బాధ్యత ఉన్న ఇంజినీరు ఒకరు వచ్చి, లోడు దించేటప్పుడు మా వీధిలో నిలబడి చూడాలి. ఆమోదించిన ప్లాను మా కళ్ళముందు పెట్టాలి. ప్లానులో లేకపోతే ఆ పైపులు తీసేయాలి. ఇంకోసారి 'పరిష్కరించబడింది' అని మెసేజ్ వస్తే, వచ్చే సోమవారమే వీధి జనమంతా ఒంగోలు కలెక్టరేట్ గ్రీవెన్సులో ఉంటాం, పెసోకి ఫోటోలతో సహా రాస్తాం. మీది ప్రభుత్వ రంగ సంస్థ కాబట్టి సమాచార హక్కు కింద ఆ ప్లాను కాపీ కూడా అడుగుతాను. నా టిప్పర్లు మాత్రం రేపటి నుంచే పక్క బంకుకి పోతాయి.

ఇట్లు,
మీ బంకు వెనక వీధి నుంచి ఒక పాత కస్టమర్,
చీమకుర్తి, ప్రకాశం జిల్లా