గేలెన్ చేసిన తప్పు, చేయని తప్పు

సంపాదకులకు,

గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వైద్యచరిత్ర వ్యాసం, ప్రాచీన గ్రీకు వైద్యుడు గేలెన్ 1300 ఏళ్ల పాటు వైద్యాన్ని తప్పుదారి పట్టించాడని ఒక్క వాక్యంలో తేల్చేసింది. శరీర నిర్మాణ శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఆ తీర్పుతో ఏకీభవించలేక ఈ లేఖ రాస్తున్నాను. గేలెన్ మన నగరానికి పరాయివాడేమీ కాదు. గ్రీకు వైద్యం నుంచి అరబ్బుల ద్వారా మనకు చేరిన వైద్య పద్ధతి యునానీ. చార్మినార్ పక్కనున్న యునానీ దవాఖానాలో ఆయన పేరు జాలీనూస్. అజీర్తికి హకీములు ఇచ్చే జవారిష్ జాలీనూస్ ఆయన పేరుతోనే నేటికీ వాడుకలో ఉంది.

క్రీ.శ. 129లో, నేటి టర్కీలో ఉన్న పెర్గమంలో పుట్టిన గేలెన్ అక్కడ గ్లాడియేటర్ల గాయాలకు వైద్యం చేసి, తరువాత రోమ్‌లో చక్రవర్తి మార్కస్ ఆరీలియస్‌కు వైద్యుడయ్యాడు. ధమనుల్లో ఉండేది గాలేనని కొందరు పండితులు వాదిస్తుంటే, ఆయన బతికున్న జంతువు ధమనిని రెండు చోట్ల దారంతో బిగించి, నడుమ కోసి, అందులో ఉన్నది రక్తమేనని చూపించాడు. మూత్రపిండాల నుంచి మూత్రాశయానికి దిగే నాళాలను కట్టివేసి, మూత్రాశయం ఖాళీగా ఉండిపోవడాన్నీ, కట్టుకు పైభాగాన నాళాలు ఉబ్బడాన్నీ చూపి, మూత్రం ఎక్కడ తయారవుతుందన్న వివాదానికి జవాబు చెప్పాడు. (ఆ మూగజీవాలు పడిన బాధకు నేడు ఏ నైతిక సంఘమూ అనుమతి ఇవ్వదు, అది వేరే చర్చ.)

ఆయన పొరబడిన మాట నిజమే. ఆనాటి రోమ్‌లో మనిషి శవాన్ని కోసే వీలు లేక బార్బరీ కోతులను, పందులను, పశువులను కోసి, అక్కడ చూసినదాన్ని మనిషికి అన్వయించాడు. అయితే ఆయన పెద్ద పొరపాటుకు మూలం కోతి కాదు, ఆయన తత్వచింతన. ప్రకృతి ఏదీ వృథాగా చేయదని ఆయన గాఢంగా నమ్మాడు. ఎడ్లను బలివ్వడం, ధూపం వేయడం కంటే సృష్టికర్త నేర్పును తాను తెలుసుకుని ఇతరులకు తెలియజెప్పడమే నిజమైన పూజ అని, అవయవాల ప్రయోజనాలపై రాసిన గ్రంథంలో అన్నాడు. చేతివేళ్ల కండరాలను అంత ఓపికగా పరిశీలించేలా చేసింది ఆ నమ్మకమే. గుండె కింది గదులైన జఠరికల మధ్య గోడపై కనిపించే గుంటలు ఊరికే ఉండవని, వాటి అడుగున కంటికి కనబడని రంధ్రాల గుండా రక్తం కుడి నుంచి ఎడమకు పోతుందని ఊహించేలా చేసిందీ అదే.

కానీ తన మాట తిరుగులేనిదని ఆయన అనలేదు. మనిషి ఎముకలను పుస్తకంలో చదివి ఊరుకోక కళ్లతో చూడాలని, అందుకు అలెగ్జాండ్రియా వెళ్లమని శిష్యులకు చెప్పాడు. ఆ సలహాను నిజంగా పాటించినవారు కొందరున్నారు. 1200 ప్రాంతంలో ఈజిప్టు కరవులో గుట్టలుగా పడివున్న ఎముకలను పరిశీలించిన అరబ్బు వైద్యుడు అబ్దుల్ లతీఫ్ అల్ బాగ్దాదీ, గేలెన్ చెప్పినట్టు కింది దవడ రెండు ఎముకలు కాదు, ఒక్కటేనని రాశాడు. గుండె మధ్య గోడలో రంధ్రాలే లేవని, రక్తం ఊపిరితిత్తుల మీదుగానే ఎడమ వైపుకు చేరుతుందని మరో అరబ్బు వైద్యుడు ఇబ్న్ అల్ నఫీస్ 1242లోనే రాశాడు. దక్కనుకు యునానీగా చేరినది ఈ వైద్య సంప్రదాయమే కాబట్టి, అందులో గేలెన్‌పై గౌరవమూ ఆయనను సరిదిద్దే ధైర్యమూ కలిసే ఉండేవని చెప్పక తప్పదు. ఐరోపా విశ్వవిద్యాలయాల్లో మాత్రం ఆచార్యుడు పీఠంపై కూర్చుని గ్రంథం చదువుతుంటే కింద మరొకరు శవాన్ని కోసేవారు. కళ్లెదుట కనబడేది గ్రంథంతో పొసగకపోతే గ్రంథమే నెగ్గేది. 1543లో ఐరోపా శరీర నిర్మాణ శాస్త్రవేత్త వెసేలియస్ స్వయంగా కత్తి పట్టి చేసిన పరిశీలనలు అచ్చయ్యేదాకా, చాలామటుకు సాగిన తంతు ఇదే. ఆ శతాబ్దాల బద్ధకాన్ని గేలెన్ ఖాతాలో వేయడం న్యాయం కాదు.

వ్యాసపరంపర ఇంకా కొనసాగుతుందని ప్రకటించారు కనుక, నేరుగా వెసేలియస్ దగ్గరికి వెళ్లకుండా, ఒక వారం అబ్దుల్ లతీఫ్, ఇబ్న్ అల్ నఫీస్‌లకు కేటాయించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
శరీర నిర్మాణ శాస్త్ర విశ్రాంత అధ్యాపకుడు,
మలక్‌పేట, హైదరాబాద్