ఓపెన్ సోర్స్ లైబ్రరీలతో జన్యుక్రమాల అధ్యయనం: సభ్యులకు వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

గడిచిన ఏడాది మన సంఘం చేసిన పనుల వివరాలను కార్యవర్గం తరఫున మీ ముందుంచుతున్నాను. జీవశాస్త్రం చదివి ప్రోగ్రామింగ్ వైపు వచ్చినవారు, ప్రోగ్రామింగ్ తెలిసి జీవశాస్త్రం మీద ఆసక్తి కలిగినవారు ఒకేచోట కూర్చుని నేర్చుకోవడానికే ఈ సంఘం ఏర్పడింది. లైబ్రరీని, అంటే ఇతరులు ముందే రాసిపెట్టిన ప్రోగ్రామ్‌ల సంపుటిని, వాడితే సరిపోదు, అది లోపల మన తరఫున ఏ నిర్ణయాలు తీసుకుంటోందో తెరిచి చదవాలన్నది మొదటి నుంచీ మనం పెట్టుకున్న నియమం. ఈ ఏడాది ఆ నియమం విలువ మూడు సందర్భాల్లో అనుభవంలోకి వచ్చింది కాబట్టి, నివేదికలో ఎక్కువ భాగం వాటికే కేటాయించాను.

మొదటిది సైటోక్రోమ్ బి జన్యువు మీద చేసిన అభ్యాసం. హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం)కి చెందిన సునీల్ కుమార్ వర్మ, లాల్జీ సింగ్ 2003లో ప్రచురించిన పద్ధతి, కణానికి శక్తినిచ్చే భాగమైన మైటోకాండ్రియాలోని ఈ జన్యువులో ఒక ముక్కను చదివి జంతువు ఏ జాతిదో చెప్పగలుగుతుంది. వేటగాళ్ల దగ్గర దొరికిన మాంసమో చర్మమో ఏ ప్రాణిదో తేల్చడానికి ఉపయోగపడిన పని అది. మన ఊళ్లో జరిగిన పరిశోధన కనుక సభ్యులు ఎంతో ఉత్సాహంగా ఆవు, గేదె, మేక, గొర్రె, జింక, గుర్రం జన్యుక్రమాలను జెన్‌బ్యాంక్ అనే బహిరంగ భాండాగారం నుంచి దించుకుని, పైథాన్ భాషలోని బయోపైథాన్ అనే లైబ్రరీతో వాటిని ప్రొటీన్‌లోకి అనువదించారు. ఆవు సైటోక్రోమ్ బి పొడవు 1,140 బేస్‌లు (డీఎన్ఏ అక్షరాలు). మూడేసి అక్షరాలు కలిసి ఒక కోడాన్, ఒక్కో కోడాన్ ఒక అమైనో ఆమ్లాన్ని సూచిస్తుంది. అంటే చివర 'ఆగు' అని చెప్పే స్టాప్ కోడాన్ పోగా 379 అమైనో ఆమ్లాలు రావాలి. తెర మీద మాత్రం వరుస మధ్యలో అక్కడక్కడా నక్షత్రం గుర్తులు కనిపించాయి. ప్రొటీన్ తయారీ సగంలోనే ఆగిపోతోందని ఆ గుర్తులకు అర్థం.

లోపం డేటాలో లేదు, లైబ్రరీలోనూ లేదు. ఏ కోడాన్‌కు ఏ అర్థమో చెప్పే సాధారణ సంకేత పట్టికలో టీజీఏ అంటే 'ఆగు' అని అర్థం. వెన్నెముక గల జంతువుల మైటోకాండ్రియాలో అదే టీజీఏ ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని సూచిస్తుంది. మనం ఏమీ చెప్పకపోతే బయోపైథాన్ 1వ పట్టికను తీసుకుంటుంది, ఇక్కడ కావలసింది 2వ పట్టిక. ఆ ఒక్క అంకె చేర్చగానే మధ్యలోని నక్షత్రాలన్నీ పోయి 379 అమైనో ఆమ్లాలు సరిగ్గా వచ్చాయి. ఇంతకంటే నన్ను కలవరపెట్టిన విషయం మరొకటుంది. మొదటి స్టాప్ కోడాన్ దగ్గరే అనువాదాన్ని ముగించమని అడిగే వీలు ఆ లైబ్రరీలో ఉంది. ఒక సభ్యుడు దాన్ని వాడటంతో ఆయన తెర మీద ఏ నక్షత్రమూ కనిపించలేదు, పొట్టి ప్రొటీన్ ఒకటి ఎలాంటి హెచ్చరికా లేకుండా చక్కగా బయటికొచ్చింది. పొడవు లెక్కపెట్టే అలవాటు లేకపోతే ఆ తప్పు వ్యాసందాకా వెళ్లేది. అందుకే ఆ రోజు నుంచి మన అభ్యాస పత్రాలన్నింటిలోనూ ఫలితం పొడవును సరిచూసే వాక్యాన్ని తప్పనిసరి చేశాం.

రెండో సందర్భం పాత ప్రోగ్రాములకు సంబంధించినది. 1999లో మొదలై స్వచ్ఛంద కార్యకర్తల శ్రమతో నడుస్తున్న బయోపైథాన్, 2020లో వెలువడిన 1.78 వెర్షన్‌లో ఆల్ఫాబెట్ అనే మాడ్యూల్‌ను పూర్తిగా తొలగించింది. ఒక క్రమం డీఎన్ఏదా, ప్రొటీన్‌దా అని గుర్తించడానికి ఉద్దేశించిన ఆ మాడ్యూల్ సంక్లిష్టంగా మారిందే తప్ప దానికి తగిన ప్రయోజనం ఇవ్వలేదు. కారణం న్యాయమైనదే అయినా, ఒక కళాశాలలో ఏళ్లుగా చేతులు మారుతూ వచ్చిన ప్రయోగ పుస్తకంలోని ప్రోగ్రాములు మొదటి వరుసలోనే ఆగిపోయాయి. తమ కంప్యూటర్లే పాడయ్యాయనుకుని విద్యార్థులు మన దగ్గరికి వచ్చారు. ముగ్గురు సభ్యులు రెండు వారాంతాలు కూర్చుని ఆ ప్రోగ్రాములన్నింటినీ కొత్త పద్ధతిలోకి మార్చి ఇచ్చారు. జెన్‌బ్యాంక్ రూపంలో ఫైలు రాసేటప్పుడు అణువు రకాన్ని విడిగా నమోదు చేయాలన్న సంగతిని కూడా పక్కనే తెలుగులో వివరించారు. ఆ పనిలోనే మరో పాత పొరపాటు బయటపడింది. జెన్‌బ్యాంక్ స్థానాలను ఒకటి నుంచి లెక్కిస్తుంది, పైథాన్ సున్నా నుంచి లెక్కిస్తుంది. ఆ తేడా పట్టించుకోకపోవడంతో ఒక జన్యువు మొదటి బేస్ తప్పిపోయి, అక్కడి నుంచి కోడాన్లన్నీ ఒక అక్షరం పక్కకు జరిగి ఉన్నాయి. ఎన్ని జట్ల విద్యార్థులు ఆ ఫలితాన్నే రికార్డులో రాసుకున్నారో తలచుకుంటే బాధ కలిగింది.

మూడోది పరిణామ వృక్షాలది, అంటే ఏ జాతి దేనికి ఎంత దగ్గరి బంధువో కొమ్మలుగా చూపే చిత్రాలది. సభ్యులు ఎక్కువ ప్రశ్నలు అడిగింది, నేనూ ఎక్కువ నేర్చుకున్నది ఇక్కడే. పది జాతులకే వేరుతో (ఉమ్మడి పూర్వీకుడి స్థానంతో) కూడిన వృక్షాలు 3,44,59,425 రకాలుగా సాధ్యమవుతాయి కాబట్టి, అన్నింటినీ పరీక్షించడం జరగని పని. దూరాల ఆధారంగా వృక్షాన్ని కట్టే పద్ధతులు బయోపైథాన్‌లోనే ఉన్నాయి. సంభావ్యత ఆధారంగా కట్టడానికి ఐక్యూట్రీ అనే విడి ప్రోగ్రామ్‌ను వాడాం. ఒక్కో కొమ్మను ఎంతవరకు నమ్మవచ్చో చూడటానికి, జోసెఫ్ ఫెల్సెన్‌స్టైన్ 1985లో ప్రతిపాదించిన బూట్‌స్ట్రాప్ పద్ధతిని అనుసరించాం. జాతుల క్రమాలను ఒకదాని కింద ఒకటి సరిపోల్చి పేర్చిన అమరికలోని నిలువు వరుసలను యాదృచ్ఛికంగా మళ్లీమళ్లీ ఏరి, ప్రతిసారీ కొత్త వృక్షం కట్టి, ఒక కొమ్మ నూటికి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించడమే ఆ పద్ధతి.

వృక్షాన్ని ఆ లెక్కతో సహా న్యూవిక్ అనే రూపంలో రాస్తారు. 1986లో అమెరికాలోని డోవర్ పట్టణంలో, న్యూవిక్ పేరున్న భోజనశాలలో కొందరు శాస్త్రవేత్తలు కూర్చుని ఒప్పుకున్న రాత అది. కుండలీకరణాలు, కామాలతో ఎంత పెద్ద వృక్షమైనా ఒకే వరుసలో ఇమిడిపోతుంది. కానీ నమ్మకపు అంకె నిజానికి కొమ్మకు చెందినది, ఈ రాతలో మాత్రం దాన్ని కణుపు (కొమ్మలు చీలే చోటు) పేరు ఉండే చోట పెడుతున్నారు. మా ఫైలులో మొదటి జంతువు మేక కాబట్టి ప్రోగ్రామ్ దాని దగ్గరే వేరు ఉన్నట్టు రాసిచ్చింది. దూరపు బంధువైన గుర్రం దగ్గరికి వేరును మార్చగానే, మేక–గొర్రె జంటకు చెందాల్సిన అంకె మేక, గొర్రె, ఆవు, గేదె కలిసిన పెద్ద గుంపు కణుపు మీదకు చేరింది, జంట కణుపు ఖాళీగా మిగిలింది. వృక్షం ఆకారం సరిగ్గానే ఉండటంతో తప్పు ఎవరికీ కనిపించలేదు, ఆ ఖాళీని చూసి అనుమానించినది ఒక డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థిని. ఇలాంటి పొరపాటు అనేక పరికరాల్లో ఉందని 2017లో ప్రచురితమైన ఒక అధ్యయనం చూపింది. సోర్స్ కోడ్ అందరికీ తెరిచి ఉన్నందువల్లే ఆ అధ్యయనం సాధ్యమైంది, ఆ అమ్మాయి కూడా అంకె ఎక్కడ జారిందో కోడ్‌లో వేలుపెట్టి చూపగలిగింది.

తెలుగు పదాల పట్టిక పని కొనసాగుతోంది. ఆకు, కొమ్మ, కణుపు, వేరు అనే మాటలు అందరూ సంతోషంగా ఒప్పుకున్నారు. 'వంశవృక్షం' మీద మాత్రం రెండు సమావేశాలు చర్చ జరిగింది. మన వాడుకలో వంశం తండ్రి వైపు నడుస్తుంది, మేం చదువుతున్న మైటోకాండ్రియా తల్లి నుంచి సంక్రమిస్తుంది. కాబట్టి చివరకు 'పరిణామ వృక్షం' అనే మాటనే ఖాయం చేశాం.

ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పరిణామ వృక్షాల కోసం ఉన్న ఏప్ ప్యాకేజీ మీద, కంది, శనగ జన్యువుల అమరిక మీద ఒక్కో సమావేశం మాత్రమే జరిగింది, అవి చాలవు. జిల్లాల నుంచి ఆన్‌లైన్‌లో చేరినవారికి మొదటి గంట ఇన్‌స్టాలేషన్‌తోనే సరిపోయింది. అందుకని ఇకపై బ్రౌజర్‌లోనే నడిచే నోట్‌బుక్‌లను సమావేశానికి మూడు రోజుల ముందే పంపుతాం. ఆదాయ వ్యయాల పట్టికను కోశాధికారి విడిగా అందజేస్తారు.

సభ్యులు వ్యాసాల్లో ప్రయోగశాల పరికరాల పేర్లు రాస్తున్నారు కానీ, లైబ్రరీల పేర్లు వదిలేస్తున్నారు. బయోపైథాన్ బృందం తమ పనిని 2009లో వ్యాసంగా ప్రచురించింది. దాన్ని ఉదహరించడం, జీతం లేకుండా ఆ కోడ్‌ను కాపాడుతున్నవారికి మనం చెల్లించగల కనీస రుణం. వచ్చే ఏడాది డాక్యుమెంటేషన్ లోపాలను గుర్తించి ఆయా లైబ్రరీలకు తెలియజేయడానికి ప్రత్యేక బృందాన్ని ఏర్పాటు చేయాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది, సర్వసభ్య సమావేశం ఆమోదించాలని కోరుతున్నాను. అలాగే ఇకపై సంఘానికి పంపే ప్రతి ఫలితంతో పాటు వాడిన లైబ్రరీ పేరు, వెర్షన్ సంఖ్య, సంకేత పట్టిక సంఖ్య, వృక్షమైతే వేరు ఏ జాతి దగ్గర పెట్టారో తప్పక రాసి పంపవలసిందిగా మనవి.

ఇట్లు,
కార్యదర్శి